ఐదు నిర్ణయాల్లో విద్యార్థికి దక్కేవి ఎన్ని? భాషాబోధనలో అభ్యాసక స్వయంప్రతిపత్తి: పరిశోధనలు నడిచిన దారి

ఇంజనీరింగ్ కళాశాలల్లో మొదటి ఏడాది ఇంగ్లీషు ల్యాబ్ చాలాచోట్ల ఒకే తీరుగా నడుస్తుంది. విద్యార్థి హెడ్‌ఫోన్ పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. ఎవరి తెర వారిది, ఎవరి వేగం వారిది. పాఠం చెప్పే మనిషి కనిపించడు కాబట్టి స్వయంగా నేర్చుకుంటున్నట్టే ఉంటుంది. అయితే ఏం నేర్వాలో సిలబస్ నిర్ణయించింది. ఏది ముందో ఏది వెనకో సాఫ్ట్‌వేర్ నిర్ణయించింది. ఎలా చేయాలో తెర మీదే రాసి ఉంది. తప్పొప్పులు యంత్రం చెబుతుంది, మార్కులు రికార్డు పుస్తకం చూసి పడతాయి. గంటసేపు ఒంటరిగా కూర్చున్నాడే గానీ విద్యార్థి తీసుకున్న నిర్ణయం ఒక్కటీ లేదు.

అభ్యాసక స్వయంప్రతిపత్తి మీద నాలుగున్నర దశాబ్దాలుగా జరిగిన పరిశోధన ప్రధానంగా ఒంటరిగా చదవడానికీ, నిర్ణయాలు తానే తీసుకోవడానికీ మధ్య ఉన్న ఈ తేడా చుట్టూనే తిరిగింది. ఫ్రాన్స్‌లోని నాన్సీ విశ్వవిద్యాలయానికి చెందిన హెన్రీ హోలెక్ 1979లో యూరప్ దేశాల ఉమ్మడి సంస్థ అయిన కౌన్సిల్ ఆఫ్ యూరప్‌కు ఇచ్చిన నివేదికలో స్వయంప్రతిపత్తిని ఒక సామర్థ్యంగా నిర్వచించాడు. తన చదువు బాధ్యతను తానే చేపట్టగల సామర్థ్యం అది. దాన్ని అయిదు నిర్ణయాలుగా విడగొట్టాడు: లక్ష్యం ఏమిటి, ఏ విషయాలు ఏ క్రమంలో, ఏ పద్ధతిలో, సాగుతున్న తీరును ఎలా గమనించుకోవాలి, వచ్చిందో లేదో ఎలా తేల్చుకోవాలి. తర్వాత వచ్చిన నిర్వచనాలు డజన్లకొద్దీ ఉన్నా, ఒక తరగతినో యాప్‌నో పథకాన్నో పరీక్షించడానికి ఇంతకంటే పదునైన కొలబద్ద దొరకలేదు. పరిశోధనల్లో వచ్చిన ప్రతి మలుపునూ ఈ అయిదింటితో కొలిచి చూస్తే ఒక విషయం పదేపదే కనిపిస్తుంది. పద్ధతి, సమయం విద్యార్థికి ఇవ్వడానికి సంస్థలు సులువుగానే ఒప్పుకుంటాయి. లక్ష్యం, మూల్యాంకనం మాత్రం తమ దగ్గరే అట్టిపెట్టుకుంటాయి.

నాన్సీలో మొదలైంది పెద్దల కోసం

ఈ ఆలోచన బడిపిల్లల కోసం పుట్టలేదు. కౌన్సిల్ ఆఫ్ యూరప్ ఆధునిక భాషల ప్రాజెక్టు 1971లో మొదలైనప్పుడు దాని దృష్టి వయోజనుల మీద, జీవితాంతం సాగే చదువు మీద ఉంది. నాన్సీలో క్రాపెల్ అనే పరిశోధన కేంద్రాన్ని స్థాపించిన ఈవ్ షాలోన్ 1972లో చనిపోయాక హోలెక్ ఆ బాధ్యత తీసుకున్నాడు. ఉద్యోగాలు చేసుకునేవాళ్లు తరగతికి వేళకు రాలేరు. అందుకని టేపులు, పత్రికలు, వీడియోలు ఒకచోట పెట్టి, ఎప్పుడు వీలైతే అప్పుడు వచ్చి వాడుకునే ఏర్పాటు చేశారు. దాని పక్కనే ఇంకో ముఖ్యమైన ఏర్పాటు ఉండేది. నేర్చుకునేవారితో మాట్లాడి, వారి అవసరం ఏమిటో వారిచేతే తేల్పించే సలహాదారు ఒకరు అక్కడ ఉండేవారు.

ఈ నమూనా ప్రపంచమంతా పాకినప్పుడు గది వెళ్లింది, సలహాదారు వెళ్లలేదు. 1980ల నుంచి విశ్వవిద్యాలయాల్లో పుట్టుకొచ్చిన స్వీయ అభ్యసన కేంద్రాలు ఎన్నో వర్క్‌షీట్లూ జవాబుల పట్టికలూ ఉన్న గదులుగా మిగిలాయి. అవి పడకేయడానికి కారణాలు అన్నిచోట్లా దాదాపు ఒకటే. సామగ్రిని వ్యాకరణాంశాల వారీగా సర్దుతారు గానీ, వచ్చినవాడికి తన లోపం పేరు తెలియదు కాబట్టి ఏ అర వెతకాలో తెలియదు. స్థాయి గుర్తులు ఉండవు, ఉన్నా ప్రచురణకర్త వేసినవే. ఏం చేశాడో రాసుకునే కాగితం ఉండదు, అందువల్ల రెండోసారి వచ్చినవాడు మళ్లీ మొదటినుంచి మొదలుపెడతాడు. పరీక్షల ముందు పదిరోజులు గది కిటకిటలాడుతుంది, మిగతా ఏడాది ఖాళీ. జపాన్‌లో కాండా అంతర్జాతీయ అధ్యయనాల విశ్వవిద్యాలయం వంటి చోట్ల కేంద్రాలు నిలదొక్కుకున్నాయంటే, సలహా ఇవ్వడాన్నే ఒక వృత్తిగా, శిక్షణ ఉన్న పనిగా తీర్చిదిద్దడం అందుకు ముఖ్య కారణం. సలహాదారు వ్యాకరణం చెప్పడు. ‘నీకు ఏం కావాలి, పోయిన వారం ఏం చేశావు, దానివల్ల ఏం మారింది’ అని అడుగుతాడు. ఈ సంభాషణలను రికార్డు చేసి విశ్లేషించడం గత పదిహేనేళ్లలో ఒక ప్రత్యేక పరిశోధన శాఖగా ఎదిగింది.

లేనీ డామ్ తరగతి గది

స్వయంప్రతిపత్తి అంటే ఒంటరిగా చదవడం అన్న అపోహను గట్టిగా ఖండించినవాడు ఐర్లండ్‌లోని డబ్లిన్ ట్రినిటీ కళాశాలకు చెందిన డేవిడ్ లిటిల్. టీచరు లేకుండా నేర్వడం స్వయంప్రతిపత్తి కాదనీ, టీచరు తన బాధ్యత వదులుకోవడం అంతకన్నా కాదనీ, అది ఒక బోధనా పద్ధతి పేరు కాదనీ, ఒకసారి వస్తే ఎప్పటికీ నిలిచిపోయే స్థితి కూడా కాదనీ 1991లో వివరించాడు. ఒక పనిలో స్వతంత్రంగా ఉన్న పిల్లవాడు ఇంకో పనిలో పూర్తిగా టీచరు మీద ఆధారపడవచ్చు. వినడంలో తన లోపం తనకు తెలిసి, రాయడంలో తెలియకపోవచ్చు.

లిటిల్ వాదనకు గట్టి ఆధారం డెన్మార్క్‌లో ఒక మామూలు ప్రభుత్వ బడిలో దొరికింది. కార్ల్‌స్లుండే పట్టణంలో లేనీ డామ్ అనే ఉపాధ్యాయిని 1970ల నుంచి రకరకాల స్థాయుల పిల్లలు కలిసి ఉన్న తరగతుల్లో ఇంగ్లీషు చెబుతూ, నిర్ణయాలను క్రమంగా వాళ్లకు అప్పగించింది. పదకొండేళ్ల పిల్లలు, ఇంగ్లీషు అప్పుడే మొదలు. పాఠ్యపుస్తకాన్ని వెన్నెముకగా పెట్టుకోలేదు. పీరియడ్ మూడు భాగాలు: టీచరు సమయం, పిల్లల సమయం, అందరూ కలిసే సమయం. మొదటి భాగంలో ఒక కొత్త పని ఎలా చేయాలో ఆమె చూపించేది. రెండో భాగంలో పిల్లలు జంటలుగా, గుంపులుగా తాము ఎంచుకున్న పని చేసేవారు. మొదట్లో బొమ్మల లోటో, పదాల డామినో వంటి ఆటలు తయారు చేయడం, ఆపైన చిన్న కథల పుస్తకాలు, నాటికలు. మూడో భాగంలో చేసింది తరగతికి చూపించి, ఎలా జరిగిందో చెప్పుకునేవారు.

దీనంతటినీ పట్టి నిలిపింది లాగ్‌బుక్. ప్రతి పిల్లవాడికీ గీతల్లేని ఒక నోటు పుస్తకం. అందులో తేదీ, ఈరోజు ఏం చేయబోతున్నాను, ఎవరితో, ఇంటిదగ్గర ఏం చేస్తాను, చివర్లో ఎలా జరిగింది, ఎందుకు అలా జరిగింది. గోడమీద పెద్ద కాగితాలపై చేయదగిన పనుల జాబితా, మాట్లాడటానికి పనికొచ్చే వాక్యాలు పిల్లలే చేర్చుతూ పోయేవారు. ఇక్కడ స్వేచ్ఛ కన్నా క్రమశిక్షణ పాలు ఎక్కువ. ‘ఏం చేయాలనుంది’ అని ఊరికే అడిగి వదిలేయలేదు. ఎంచుకోవడం, రాసుకోవడం, చేసింది చూపించడం, తేల్చుకోవడం అందరికీ తప్పనిసరి. ఎంపిక ఒక్కటే వారిది.

ఫలితాలను డామ్, జర్మన్ పరిశోధకుడు లీన్‌హార్డ్ లెగెన్‌హౌజెన్‌తో కలిసి 1990ల్లో పరిశీలించింది. ఈ డేనిష్ పిల్లలను, పాఠ్యపుస్తకం ప్రకారం చదివిన జర్మన్ పిల్లలతో పోల్చారు. ప్యాకెట్ల మీదా పాటల్లోనూ చుట్టుపక్కలా కనిపించిన ఇంగ్లీషును డేనిష్ పిల్లలు తరగతిలోకి తెచ్చుకున్నారు కాబట్టి పదసంపదలో వెనకబడలేదు. అంతకంటే ఆసక్తికరమైనది మాటల తీరు. జంటలుగా కూర్చోబెట్టి ఏదైనా మాట్లాడుకోమంటే, పుస్తకం చదివిన పిల్లల్లో చాలామంది జవాబు ముందే తెలిసిన ప్రశ్నలే అడిగారు: నీ పేరేమిటి, ఎక్కడుంటావు. పక్క బెంచీలో కూర్చునేవాడి ఊరు తెలియక అడిగింది కాదది, పాఠంలో ఉన్న వాక్యం కాబట్టి అప్పజెప్పడం. డామ్ పిల్లలు తమకు నిజంగా తెలుసుకోవాలని ఉన్నవి అడిగారు. మన ఊళ్లలో పదో తరగతి ఫస్ట్‌క్లాసులో పాసైన పిల్లవాడు ఇంటర్వ్యూలో ‘మైసెల్ఫ్’ అని మొదలుపెట్టి కంఠస్థం చేసిన నాలుగు వాక్యాల దగ్గర ఆగిపోవడానికి మూలం కూడా ఇందులోనే ఉంది. మాట వెనక అవసరం అతనిది కాదు.

ఆసియాకు పనికిరాదా?

1990ల మధ్య నుంచి ఒక ఘాటైన చర్చ నడిచింది. స్వయంప్రతిపత్తి అన్నది పాశ్చాత్య వ్యక్తివాదం కదా, గురువును గౌరవించే సమాజాల మీద దాన్ని రుద్దవచ్చునా? ఆలస్టర్ పెన్నీకుక్ వంటివారు 1997లో ఈ ప్రశ్నను రాజకీయంగా ముందుకు తెచ్చారు. అదే ఏడాది ఫిల్ బెన్సన్ మూడు రకాల స్వయంప్రతిపత్తిని విడదీశాడు: నైపుణ్యాలకు సంబంధించినది, మనస్తత్వానికి సంబంధించినది, అధికారానికి సంబంధించినది. హాంకాంగ్‌లో పనిచేసిన విలియం లిటిల్‌వుడ్ 1999లో ఇంకో విభజన చేశాడు. దిశను కూడా తానే నిర్ణయించుకునేది ఒకటి, వేరొకరు దిశ నిర్ణయించాక ఆ దారిలో సాధనాలను తానే సమకూర్చుకునేది మరొకటి. తూర్పు ఆసియా విద్యార్థుల్లో రెండోది బలంగా ఉందనీ, దాన్ని తక్కువ చేసి చూడకూడదనీ అతని వాదన. పరీక్ష ఖాయం, సిలబస్ ఖాయం అయినచోట నలుగురు కలిసి నోట్సు పంచుకుని, పాత ప్రశ్నపత్రాలు సంపాదించి, ఒకరినొకరు పరీక్షించుకోవడం ఈ కోవలోదే. మన హాస్టళ్లలో గ్రూప్ పరీక్షలకూ డీఎస్సీకీ చదివేవాళ్లు ఇదే చేస్తారు. అది నిజమైన సామర్థ్యం. అయితే అక్కడితో సరిపెట్టుకుంటే హోలెక్ చెప్పిన మొదటి నిర్ణయం ఎన్నటికీ చేతికి రాదు. లిటిల్‌వుడ్ విభజనను అడ్డం పెట్టుకుని ‘మన పిల్లలకు ఇది చాలు’ అనడం అతని ఉద్దేశానికి విరుద్ధం.

ఈ చర్చను వాదనల నుంచి నేలమీదికి దించింది ఆఫ్రికా అనుభవం. కామెరూన్‌లో హ్యారీ కుచా అనే ఉపాధ్యాయుడికి ఒకే తరగతిలో 200 మందికి పైగా విద్యార్థులు ఉండేవారు, పాఠ్యపుస్తకాలు కొద్దిమంది దగ్గరే. టీచరు ఒక్కడే అందరికీ చెప్పడం అసాధ్యం కాబట్టి గుంపులుగా విడదీసి, నియమాలు విద్యార్థులతోనే చర్చించి పెట్టుకుని, చదవడానికి కావలసిన పాఠాలను వాళ్లనే తెమ్మన్నాడు. రిచర్డ్ స్మిత్‌తో కలిసి 2011లో అతను రాసిన వ్యాసం చెప్పేది స్పష్టంగా ఉంది: అక్కడ స్వయంప్రతిపత్తి ఎక్కడో చదివి దిగుమతి చేసుకున్న సిద్ధాంతం కాదు, గత్యంతరం లేనిచోట పనిచేసిన ఉపాయం. సౌకర్యాలు సమకూరాకే ఇదంతా అనే మాటకు ఇది సూటి జవాబు. స్మిత్ అంతకుముందే, 2003లో, రెండు వైఖరులను గుర్తించాడు. విద్యార్థుల్లో స్వయంప్రతిపత్తి లేదు కాబట్టి ముందు శిక్షణ ఇవ్వాలనేది బలహీన వైఖరి. వాళ్లలో ఎంతోకొంత ఇప్పటికే ఉంది, దాన్ని వాడే అవకాశం ఇస్తూ పెంచాలనేది బలమైన వైఖరి. హైదరాబాద్‌లో సీఫెల్ అధ్యాపకురాలు ఆర్. అమృతవల్లి 2007లో ప్రచురించిన పుస్తకం కూడా లేమిలో ఉన్న విద్యార్థుల ఇంగ్లీషు చదువుకు అభ్యాసక స్వయంప్రతిపత్తినే మార్గంగా చూపింది. ఆ సంస్థే ఈనాటి ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ. కామెరూన్ కథ దూరపు కథేమీ కాదు.

టీచర్లు నమ్మేది, చేయగలిగేది

2012లో సైమన్ బోర్గ్, సాద్ అల్-బుసైదీ ఒమన్‌లోని సుల్తాన్ ఖాబూస్ విశ్వవిద్యాలయంలో 61 మంది ఇంగ్లీషు అధ్యాపకులను ప్రశ్నించారు. విద్యార్థులు నిర్ణయాల్లో పాలుపంచుకోవడం మంచిదేనా అంటే ఎక్కువమంది మంచిదేనన్నారు. మీ తరగతిలో సాధ్యమా అంటే మొగ్గు తగ్గింది. ఈ రెంటి మధ్య దూరాన్ని కొలిచే ప్రశ్నావళిని తర్వాత చాలా దేశాల్లో వాడారు, చాలాచోట్ల ఇదే ధోరణి కనిపించింది. అయితే ఇలాంటి అధ్యయనాలు పోగుపడటం వల్ల కొత్తగా తెలిసేది తగ్గిపోతోంది. టీచర్లకు ఇష్టం ఉంది, వీలు లేదు అన్నది ఇప్పటికే తెలిసిన సంగతి. ఏ వీలు లేదు, ఎవరు అడ్డు, ఎంత సందు ఉంది అన్నవి ఒక్కో వ్యవస్థలో విడిగా చూడాలి.

తెలుగు రాష్ట్రాల్లో ఆ సందు ఎక్కడుందో ఒక ఉదాహరణ. సీసీఈ (నిరంతర సమగ్ర మూల్యాంకనం) విధానంలో, చదువు సాగుతుండగానే చేసే ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌లో పుస్తక పఠనంపై పిల్లల స్పందన, రాతపని, ప్రాజెక్టు, స్లిప్ టెస్టు అనే విభాగాలు పెట్టారు. కాగితం మీద చూస్తే వీటిలో మొదటి మూడూ స్వయంప్రతిపత్తికి అచ్చంగా సరిపోయేవే. ఆచరణలో ప్రాజెక్టులు గైడు పుస్తకాల నుంచీ ఇంటర్నెట్ నుంచీ ఎక్కించినవి అవుతాయి, స్పందనలు ఒక మంచి నోటు పుస్తకం చూసి తరగతంతా దింపుకున్నవి అవుతాయి. పిల్లల సోమరితనం అని తిట్టి లాభం లేదు. ప్రాజెక్టు అంశం టీచరు ఇచ్చింది, పూర్తయ్యే తేదీ రికార్డుల కోసం పెట్టింది, మార్కు చూసేది పూర్తయిన కాగితాన్నే. మధ్యలో పిల్లవాడు ఏం నిర్ణయించుకున్నాడో ఎవరూ అడగరు. అడగనిది చేయకపోవడం తెలివైన పనే. 1997లో మైకేల్ బ్రీన్, సారా మాన్ అన్నట్టు, టీచరు మెప్పు కోసం స్వయంప్రతిపత్తి ముసుగు వేసుకోవడం విద్యార్థులకు త్వరగా అలవాటవుతుంది.

పోర్చుగల్‌లో ఫ్లావియా వియెరా వంటివారు టీచర్ల స్వయంప్రతిపత్తినీ విద్యార్థుల స్వయంప్రతిపత్తినీ ఒకే సమస్యగా చూస్తూ వచ్చారు. ఏ పాఠం ఏ తేదీన పూర్తిచేయాలో పైనుంచి వచ్చిన పట్టిక ప్రకారం నడిచే ఉపాధ్యాయుడి దగ్గర పిల్లలకు పంచడానికి నిర్ణయాలే ఉండవు.

స్వీయ మూల్యాంకనం: అన్నిటికంటే బలహీనమైన కొక్కెం

2001లో యూరప్ అంతటా ప్రవేశపెట్టిన భాషా పోర్ట్‌ఫోలియో, తనకు ఎంత వచ్చిందో విద్యార్థే తేల్చుకునే వీలు లేని లోటు తీర్చడానికి వచ్చింది. మూడు భాగాలు: భాషా పాస్‌పోర్టు, భాషా జీవితచరిత్ర, నమూనాల సంచి. అప్పుడే మొదలుపెట్టినవారి ఏ1 నుంచి నిష్ణాతుల సీ2 దాకా ఆరు స్థాయుల్లో ‘నేను ఇది చేయగలను’ అనే వాక్యాలకు విద్యార్థి తనకు తాను గుర్తు పెట్టుకోవాలి. వందకు పైగా నమూనాలకు కౌన్సిల్ ఆమోదం ఇచ్చింది. అయినా చాలా దేశాల్లో అది రోజువారీ చదువులో భాగం కాలేదు. కారణాల్లో ముఖ్యమైనది ఒకటే: పోర్ట్‌ఫోలియో ఒకవైపు, పాఠ్యపుస్తకం మరోవైపు, పరీక్ష ఇంకోవైపు. మూడూ వేర్వేరు లక్ష్యాలు చెబితే గెలిచేది పరీక్షే.

రెండో కారణం వాక్యాల వెడల్పు. ‘తెలిసిన విషయాల మీద సులభంగా మాట్లాడగలను’ అన్న వాక్యానికి ఎవరైనా అవుననే గుర్తు పెడతారు. పిల్లవాడి చేతికి ఇచ్చేముందు దాన్ని కోయాలి. ఎక్కడ, ఎవరితో, ఏం సాధించడానికి, ఎంత సాయంతో అన్న నాలుగూ వాక్యంలో ఉండాలి. ఉదాహరణకు: ‘బస్టాండు విచారణ కిటికీ దగ్గర విజయవాడ బస్సు ఎన్నింటికో, ఎంత టికెట్టో ఇంగ్లీషులో అడిగి, చెప్పింది కాగితం మీద రాసుకోగలను. అవతలివారు ఒక్కసారి మళ్లీ చెప్పాల్సి రావచ్చు.’ ఇప్పుడు పక్కవాడు విచారణ గుమాస్తాగా కూర్చుంటే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. గుర్తు పెట్టడానికి నియమం: వేర్వేరు రోజుల్లో రెండుసార్లు చేసి చూపాలి, ఒకసారి స్నేహితుడు సాక్షి, రెండోసారి వేరొకరు. ఇలా కోసిన వాక్యాలు ఒక టర్ముకు పది పన్నెండు మించితే ఎవరూ చూడరు.

పరిశోధకులు స్వయంప్రతిపత్తిని కొలిచే తీరులోనూ ఇదే జబ్బు. ‘నా చదువుకు నేనే ప్రణాళిక వేసుకుంటాను’ అన్న వాక్యం ఇచ్చి, ఒకటి నుంచి అయిదు దాకా అంకె చుట్టమంటారు. కళాశాల విద్యార్థులను ఒక్కసారి అడిగి, సగటు తీసి, మార్కులతో సహసంబంధం చూపిన అధ్యయనాలు ఆసియాలో కోకొల్లలు. అంకె చెప్పేది విద్యార్థికి తన గురించి ఉన్న అభిప్రాయం, లేదా అడిగినవారికి ఏది నచ్చుతుందన్న ఊహ. జపాన్‌లో ఫుమికో మురాసే నిర్మించిన సుదీర్ఘ ప్రశ్నావళి, బెర్లిన్‌లో జొవన్నా టాసినారి రూపొందించిన నమూనా ఈ ఇబ్బందిని రెండు వైపుల నుంచి ఎదుర్కొన్నాయి. మొదటిది స్వయంప్రతిపత్తిలోని వేర్వేరు కోణాలను విడివిడిగా కొలవాలని చూసింది. రెండోది కొలతను పక్కనబెట్టి, విద్యార్థి తన గురించి సలహాదారుతో మాట్లాడటానికి సాధనంగా మారింది. రెండోదే మేలైన దారి. స్కోరు వల్ల విద్యార్థికి ఒరిగేది ఏమీ లేదు, సంభాషణ వల్ల వచ్చే వారం ఏం చేయాలో తేలుతుంది.

తరగతి బయట, తెర ముందు

గత పదిహేనేళ్లలో అన్నిటికంటే వేగంగా పెరిగింది తరగతి బయటి అభ్యసన మీద పరిశోధన. స్వీడన్‌లో పియా సుండ్‌క్విస్ట్ 2009లో పదిహేను, పదహారేళ్ల విద్యార్థులు 80 మంది బడి బయట ఇంగ్లీషుతో గడిపే సమయాన్ని పరిశీలించింది. వీడియో గేములు, ఇంటర్నెట్, చదవడం వంటి పనులకూ, మాట్లాడే సామర్థ్యం, పదసంపదలకూ బలమైన సంబంధం కనిపించింది. పాటలు వినడం, సినిమాలు చూడటం వంటివాటికి ఆ స్థాయిలో కనిపించలేదు. తేడా పని రకంలో ఉంది. ఆటలో తప్పుగా అర్థం చేసుకుంటే ఓడిపోతాం, సినిమాలో అర్థం కాకపోయినా కథ సాగిపోతుంది. ఇంగ్లీషు సినిమాలు సబ్‌టైటిళ్లతో చూస్తే చాలని సలహా ఇచ్చేవారు దీన్ని గమనించాలి. చూశాక ఒక సన్నివేశం నాలుగు వాక్యాల్లో ఎవరికైనా వాయిస్ మెసేజ్ పెట్టమంటే అదే సినిమా వేరే పని అవుతుంది.

హైదరాబాద్‌కు ఈ చరిత్రలో ఒక పేజీ ఉంది. సుగత మిత్రా బృందం 2003లో ప్రచురించిన ప్రయోగంలో ఇక్కడి 16 మంది పిల్లలు అయిదు నెలలపాటు భాషా సాఫ్ట్‌వేర్, కొన్ని ఇంగ్లీషు సినిమాలు, మాటను అక్షరాలుగా మార్చే ప్రోగ్రాముతో ఉచ్చారణ మెరుగుపరచుకున్నారు. పెద్దల జోక్యం చాలా తక్కువ. పిల్లవాడు అన్న మాటను కంప్యూటర్ వేరే మాటగా టైపు చేస్తే తప్పు కళ్లముందే కనిపిస్తుంది, మళ్లీ అంటాడు. పిల్లలు ఏ నిర్ణయాలు అందుకున్నారో చూస్తే, పద్ధతీ, సాగుతున్న తీరును గమనించుకోవడమూ వారివే. లక్ష్యం పరిశోధకులది. 16 మంది మీద చేసినది కాబట్టి దాన్ని సార్వత్రిక సూత్రంగా తీసుకోకూడదు గానీ, గుంపులో కూర్చుని ఒకరి తప్పును ఒకరు పట్టుకోవడం వారికి తోడైందన్నది గుర్తుంచుకోదగింది. గారోల్డ్ మరే వంటివారు స్వయంప్రతిపత్తిలోని సామాజిక కోణం మీద చేసిన పని కూడా ఇటే చూపుతుంది. నేర్చుకునేవారు తారసపడి, కబుర్లాడి, ఒకరి ఉపాయం ఒకరు ఎత్తుకునే చోట్లు ఉంటేనే ఒంటరి ప్రయత్నం కొనసాగుతుంది.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ప్రశ్న తలకిందులైంది. అంతవరకూ యంత్రం తీసుకునేది ఒకటి రెండు నిర్ణయాలు. ఇప్పుడు లక్ష్యం రాయమన్నా రాస్తుంది, నెల రోజుల ప్రణాళిక వేస్తుంది, వ్యాసం దిద్దుతుంది, ఎన్ని మార్కులో చెబుతుంది, చివర్లో ‘నేను ఏం నేర్చుకున్నాను’ అన్న స్వీయ పరిశీలన కూడా అదే రాసిపెడుతుంది. అయిదుకు అయిదూ దాని చేతిలోకి పోవచ్చు, విద్యార్థికి తాను స్వతంత్రంగా చదువుతున్నానన్న భ్రమ మిగలవచ్చు. నిషేధం పనిచేయదు, ఫోను ఇంట్లో ఉంది. పనిచేసేది క్రమం. ముందు తన ప్రతి తాను రాయాలి, ఎంత తప్పులతడకగా ఉన్నా సరే. తర్వాత దిద్దమని కాకుండా, ‘మూడు తప్పులు ఏ వాక్యాల్లో ఉన్నాయో మాత్రం చెప్పు, సరైన రూపం చెప్పకు’ అని అడగాలి. తాను దిద్దుకున్నాక సరిచూడమనాలి. చివరగా ఒప్పుకున్న సూచన ఒకటి, తోసిపుచ్చిన సూచన ఒకటి, ఎందుకో ఒక్కో వాక్యంలో చేత్తో రాయాలి. తోసిపుచ్చింది ఒక్కటీ లేకపోతే ఆ విద్యార్థి చదవలేదు, దింపుకున్నాడని అర్థం.

అరవై మంది ఉన్న తరగతిలో ఎక్కడ మొదలుపెట్టాలి

హోలెక్ జాబితా లక్ష్యంతో మొదలవుతుంది. తరగతిలో మాత్రం లక్ష్యంతో మొదలుపెడితే మొదటివారమే చతికిలపడుతుంది. ‘నీ లక్ష్యం ఏమిటి’ అని ఎనిమిదో తరగతి పిల్లవాడిని అడిగితే ‘ఇంగ్లీషు బాగా మాట్లాడాలి’ అంటాడు, అంతకుమించి చెప్పడానికి తన స్థాయి తనకు తెలియాలి కదా. అప్పగింత క్రమం తిరగబడాలి. మొదట పద్ధతి: ఇంటిపనిలో మూడింటిలో ఏ రెండు చేయాలో ఎంచుకోవడం. మూడు నాలుగు వారాల తర్వాత సామగ్రి: చదవడానికి ఒక పేజీ తామే తేవడం, మందు సీసా పెట్టెలోని కాగితమైనా సరే. ఆ తర్వాత మూల్యాంకనం: ‘మంచి పేరా అంటే ఏమిటి’ అన్నదానికి తరగతి కలిసి మూడు గుర్తులు రాసుకుని, వాటితో పక్కవాడిది చూడటం. దీంతో తన లోపం పేరు తెలుస్తుంది. అప్పుడు లక్ష్యం అడగవచ్చు.

వారానికి ఒక పీరియడ్ చాలు. 45 నిమిషాల్లో పది టీచరువి, పాతిక గుంపులవి, పది అందరివీ. నలుగురేసి అయితే పదిహేను గుంపులు. లాగ్‌బుక్‌లో అయిదు వరుసలు మించొద్దు. అరవై పుస్తకాలు వారంవారం చూడటానికి పుస్తకానికి అయిదు నిమిషాలు వేసుకున్నా అయిదు గంటలు పడుతుంది, ఏ టీచరూ నిలదొక్కుకోలేరు. వారానికి పన్నెండు చూస్తే గంటలో అయిపోతుంది, అయిదు వారాల్లో తరగతంతా ఒక చుట్టు పూర్తవుతుంది. చూసేటప్పుడు ఎర్రపెన్ను పట్టుకోవద్దు. భాషా దోషాలు దిద్దడం మొదలైన రోజే లాగ్‌బుక్ ఇంకో రాతపని అయిపోతుంది, పిల్లలు తెలిసిన మూడు వాక్యాలే రాస్తారు. టీచరు రాయాల్సింది ఒక ప్రశ్న మాత్రమే.

ఇబ్బందులు ముందే తెలిసినవే. మూడో వారానికల్లా అందరి పుస్తకాల్లో ‘బాగుంది’ అన్న మాటే కనిపిస్తుంది. ‘ఎందుకంటే’ లేకుండా ఆ మాట రాయకూడదన్న నియమం పెట్టాలి. ఒక గుంపు అదే పదాల ఆట నెలంతా ఆడుతుంది. రెండు వారాలు ఒప్పుకుని, మూడోసారి దాన్ని కష్టతరం చేసి తెమ్మనాలి. ప్రతి గుంపులోనూ బాగా వచ్చినవాడే రాస్తాడు, మిగతా ముగ్గురు చూస్తారు. రాసే మనిషి ప్రతివారం మారాలి. పక్క తరగతి నుంచి గోల అన్న ఫిర్యాదు ఖాయం, ప్రధానోపాధ్యాయుడికి ముందే చెప్పి, ఒకసారి చివరి పది నిమిషాలకు పిలవడం మంచిది. ప్రాజెక్టు మార్కులను పూర్తయిన చార్టుకు కాకుండా లాగ్‌బుక్‌లోని ప్రణాళిక, మార్పు, కారణం అనే మూడు వరుసలకు వేస్తే పిల్లలు వెంటనే గమనిస్తారు.

లాగ్‌బుక్ ఏ భాషలో రాయాలన్నది నిజమైన వివాదం. డామ్, లిటిల్ లక్ష్యభాషనే వీలైనంత వాడాలంటారు, ఆలోచించుకోవడానికి వాడిన భాషే లోపలికి దిగుతుందన్నది వారి నమ్మకం. కానీ లిటిల్ తర్వాతి కృషిలోనే దీనికి ఇంకో ముఖం కనిపిస్తుంది. డబ్లిన్ శివార్లలోని ఒక ప్రాథమిక పాఠశాల గురించి అక్కడి మాజీ ప్రధానోపాధ్యాయిని డెయిర్‌డ్రె కిర్వన్‌తో కలిసి 2019లో ఆయన రాశాడు. అక్కడి పిల్లల్లో దాదాపు 80 శాతం ఇళ్లలో ఇంగ్లీషు కాని భాషలు, అన్నీ కలిపి 50కి పైగా. ఆ భాషలను తరగతిలోకి ఆహ్వానించడంతో పిల్లలు భాషలను పోల్చడం, తమకు తామే రాతపనులు పెట్టుకోవడం మొదలుపెట్టారు. తెలుగు ఇంట్లో పుట్టి ఇంగ్లీషు మీడియంలో కూర్చున్న పిల్లవాడికి ‘ఎందుకు సరిగా రాలేదు’ అన్న ప్రశ్నకు ఇంగ్లీషులో జవాబు రాయమంటే, వచ్చే జవాబు అతని ఇంగ్లీషు ఎంతవరకు అనుమతిస్తే అంతే. మొదటి టర్ము కారణాలు తెలుగులో, ప్రణాళిక ఇంగ్లీషులో రాయించడం న్యాయం. ప్రణాళిక వాక్యాలు పదేపదే వచ్చేవే కాబట్టి త్వరగా పట్టుబడతాయి. కారణాలు లోతైనవి, వాటికి లోతైన భాష కావాలి. రెండో టర్ములో కారణాల్లోకీ ఇంగ్లీషు దానంతట అదే జొరబడుతుంది, జొరబడకపోతే టీచరు సమయంలో ‘అందుకే’, ‘అయినా’, ‘లేకపోతే’ వంటి కలిపే మాటలకు ఇంగ్లీషు రూపాలు నేర్పాలి.

ఫలితం చూడటానికి ప్రశ్నావళి అక్కర్లేదు. జూన్ చివర్లో జంటలను నాలుగు నిమిషాలు మాట్లాడించి ఫోనులో రికార్డు చేయాలి, అంశం ఇవ్వకూడదు. ఫిబ్రవరిలో అదే జంటలు, అదే నాలుగు నిమిషాలు. రెండింటిలోనూ లెక్కపెట్టాల్సినవి మూడు: జవాబు ముందే తెలియని ప్రశ్నలు ఎన్ని, ఆ ఏడాది పాఠాల్లో లేని పదాలు ఎన్ని, మాట తడబడినప్పుడు ఆగిపోకుండా వేరే దారిలో చెప్పిన సందర్భాలు ఎన్ని. అరవై మందికి ముప్పై రికార్డింగులు, ఒక్కోటి వినడానికి అయిదారు నిమిషాలు. అంత తీరిక లేకపోతే బాగా వచ్చిన జంటలు మూడు, మధ్యరకం మూడు, వెనకబడినవి మూడు చాలు. పక్కనే అదే జంటల లాగ్‌బుక్కులు తెరిచి, ప్రణాళిక మార్చుకున్న చోట్లు వెతికితే ఎవరి మాట ఎక్కడ మారిందో తేదీలతో సహా దొరుకుతుంది.